ఇసుక లెక్కల్లో మన బిందె ఎక్కడ?

మానేరు ఒడ్డున ఒక ఊళ్లో ఎండాకాలం మొదట్లో మహిళా సంఘం సమావేశానికి వెళ్లాను. ఆ రోజు మాట్లాడుకోవలసినవి బ్యాంకు అప్పుల కిస్తీలు, బడిలో మధ్యాహ్న భోజనం బిల్లులు. ఇసుక ఊసే లేదు. సమావేశం సగంలో ఉండగా వెనక వరసలోంచి ఒకామె లేచింది. "అక్కా, కిస్తీల ముచ్చట తర్వాత జూస్కుందాం. మా బాయిల నీళ్లు అడుగంటినయ్. వాగుల ఉస్కె ఉన్నన్ని దినాలు గిట్ల ఎన్నడు గాలే. గిది ఎవరికి జెప్పాలె?"

నా దగ్గర జవాబు లేదు. మర్నాడు నలుగురం కలిసి ఒక ఆఫీసుకు వెళ్తే ఇంకో ఆఫీసు చూపించారు. రెండో ఆఫీసులో కూర్చోమన్నారు, మర్యాదగానే మాట్లాడారు. కాగితాలు తిరగేసి చివరికి ఒక్క మాట అన్నారు: "ఆ రీచ్‌కు అన్ని అనుమతులూ ఉన్నాయమ్మా." మాతో వచ్చిన పెద్దామె బయటికి వచ్చాక అడిగింది: "అన్ని అంటే ఎవలెవలియి బిడ్డా? మమ్ములనైతే ఎవ్వలు అడగలే."

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆమె ప్రశ్నలోనే ఉంది. ఇసుక తవ్వకానికి నియమాలు లేవని, ప్రభుత్వం నిద్రపోతోందని మనం సాధారణంగా అనుకుంటాం. నిజానికి నియమాలకు కొదవలేదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన నియమాలున్నాయి. కాని ఆ నియమాలన్నీ ఇసుకను ఘనపు మీటర్లలో, రూపాయల్లో కొలుస్తాయి. దాని కింద ఉన్న నీళ్లను, ఆ నీళ్లు తోడి మోసే మనిషిని కొలిచే గడి ఆ ఫారాల్లో ఎక్కడా లేదు.

చట్టం చూద్దాం. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టంలో ఇసుక "చిన్న తరహా ఖనిజం". బొగ్గు, ఇనుము పెద్దవి. ఇసుక, కంకర, మట్టి చిన్నవి. చిన్నవి కాబట్టి వాటి సంగతి రాష్ట్రాలు చూసుకోవచ్చునని 15వ సెక్షన్ వదిలేసింది. (ఇంటిపనిని కూడా జాతీయాదాయ లెక్కల్లో ఇలాగే చిన్నదని వదిలేశారు. కనపడకుండా చేయడానికి మొదట చిన్నదనాలి కదా!) తరవాత 2002లో వాల్టా వచ్చింది: నీరు, భూమి, చెట్ల చట్టం. వంతెనలు, ఆనకట్టలు, తాగునీటి, సాగునీటి బావులు ఉన్న చోట 500 మీటర్ల లోపు ఇసుక తవ్వరాదని దాని నియమాలు చెబుతున్నాయి. 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో, అయిదు హెక్టార్ల లోపు తవ్వకానికి కూడా పర్యావరణ అనుమతి ఉండాలని తేల్చింది. తెలంగాణ ఏర్పడ్డాక 2015లో రాష్ట్ర ఇసుక తవ్వకం నియమాలు వచ్చాయి. పెద్ద నదుల ఇసుక రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ చేతికి వెళ్లింది, ఆన్‌లైన్ బుకింగ్ వచ్చింది. 2016లో, 2020లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రైవేటు వేలంపాటల నాటి రౌడీయిజంతో పోలిస్తే ఇది మెరుగేనని వాదించేవాళ్లున్నారు. కొంతవరకు ఒప్పుకుంటాను. కాని ప్రభుత్వమే అమ్మకందారు, ప్రభుత్వమే కాపలాదారు అయినప్పుడు బావి ఎండిన ఆడమనిషి ఎవరికి ఫిర్యాదు చేయాలి? ఏ రీచ్ తవ్వాలో నిర్ణయించే జిల్లా స్థాయి ఇసుక కమిటీకి కలెక్టరు అధ్యక్షులు. ఆ బల్ల చుట్టూ ఉండేది అధికారులు. నీళ్లు మోసేవాళ్లకు అక్కడ కుర్చీ వేయలేదు.

ఇసుక పోతే నీళ్లు ఎందుకు పోతాయో మన ఊళ్లలో ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆఫీసుల్లో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది కనుక రాస్తున్నాను. ఇసుక రేణువుల మధ్య ఖాళీ ఉంటుంది. మొత్తం పరిమాణంలో దాదాపు మూడోవంతు. వరద వచ్చినప్పుడు ఆ ఖాళీలన్నీ నీటితో నిండుతాయి. వరద పోయాక ఆ నీరు ఎండకు ఆవిరి కాకుండా, మెల్లమెల్లగా ఒడ్డు బావుల్లోకి ఊరుతుంది. మానేరు, పెద్దవాగు, కడెం వంటివి ఏడాదిలో ఎక్కువ నెలలు పైకి ఎండిపోయినట్టే కనపడతాయి. అడుగున మాత్రం పారుతూనే ఉంటాయి. పది టైర్ల లారీ ఒకటి పదహారు టన్నులు తీసుకుపోయిందనుకోండి, అది సుమారు పది ఘనపు మీటర్ల ఇసుక. అందులోంచి మనకు ఊరి వచ్చే నీరు ఎంత తక్కువ వేసుకున్నా రెండు వేల లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే నూటముప్పై బిందెలు. పైగా అది ఒకసారి పోయే నీళ్లు కావు. ప్రతి వానాకాలం నిండే తొట్టినే లారీ ఎత్తుకుపోయింది. ఆ లారీకి ఇచ్చే రసీదులో ఇసుక బరువు ఉంటుంది, ధర ఉంటుంది, బండి నంబరు ఉంటుంది. నూటముప్పై బిందెలు ఏ కాలంలో రాశారు?

ఆదిలాబాద్ వైపు వెళ్తే ఇది ఇంకా సూటిగా కనపడుతుంది. ఉట్నూరు ఏజెన్సీలో, ఆసిఫాబాద్ అడవి గూడేల్లో గోండు, కొలాం స్త్రీలు ఎండాకాలం వాగులో చెలిమె తవ్వుతారు. చేతులతో, గిన్నెతో ఇసుక తోడి, నీరు ఊరేదాకా పక్కన కూర్చుని, తేటబడ్డాక చిన్న చెంబుతో బిందెలోకి వంచుతారు. ఒక బిందె నిండటానికి ఎంతసేపు పడుతుందో కూర్చున్నవాళ్లకే తెలుసు. అడుగున బండ తేలిన వాగులో చెలిమె తవ్వలేం. మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి కదా, ఇంకా చెలిమెలేమిటని పట్నంలో ఒక మిత్రురాలు నాతో వాదించింది. నల్లా వచ్చిన చోట బిందె మోత తగ్గింది. అది చిన్న విషయం కాదు, మనం అడిగి సాధించుకున్నదే. కాని నల్లా నీళ్లు వరిమడికి రావు, బర్రెకు చాలవు, పైపు పగిలిన వారం అసలే రావు. ఆ వారం ఇల్లు గడిచేది పాత బావితోనో, చెలిమెతోనో. బావి మీద ఆధారపడ్డ ఎకరం ఎండిపోతే మగవాడు గల్ఫ్‌కో భివండికో పోతాడు. పొలం, పిల్లలు, అప్పు ఆమె నెత్తిన ఉంటాయి. కరీంనగర్ జిల్లా ఊళ్లలో పనిచేసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా?

నేరెళ్ల సంగతి మన పత్రికలు కొన్నాళ్లు రాసి వదిలేశాయి. 2017 జులై 2న రాజన్న సిరిసిల్ల జిల్లా తంగళ్లపల్లి మండలం నేరెళ్ల దగ్గర ఇసుక లారీ కింద పడి ఒక మనిషి చనిపోయాడు. రాత్రీ పగలూ తమ ఊళ్ల మీదుగా పోయే లారీలతో అప్పటికే విసిగిపోయిన జనం లారీలు తగలబెట్టారు. తగలబెట్టడం సరైనదేనని నేను అనను. తరవాత జరిగిందేమిటి? దళితులు, వెనకబడిన కులాల వాళ్లు ఎనిమిది మందిని పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారని బాధితులు చెప్పారు. ఒక ఎస్సైని సస్పెండ్ చేశారు. లోక్‌సభ మాజీ స్పీకర్ మీరా కుమార్ నేరెళ్ల వచ్చి వెళ్లారు. మనిషి చనిపోతే కదలని యంత్రాంగం లారీ కాలితే అంత వేగంగా ఎలా కదిలింది? మానవ హక్కుల వాళ్లు దీన్ని లాకప్ హింసగా చూశారు. అది సరైనదే. నేను అడిగేది మరొకటి: ఊరి మధ్యలోంచి ఎన్ని లారీలు, ఏ వేళల్లో పోవచ్చునో ఆ ఊరి ఆడవాళ్లను ముందు ఎవరైనా అడిగారా? బడికి పోయే పిల్ల, తెల్లవారుజామున కూలికి పోయే తల్లి అదే దారిలో నడుస్తారు. దారి కూడా అనుమతుల్లో భాగం కావాలి.

ప్రభుత్వం చెప్పే ఒక వాదన మనకు కొత్తది కాదు. ఇసుక మీద ఏటా వందల కోట్ల ఆదాయం వస్తోంది, దాన్ని ఎలా వదులుకుంటాం, సంక్షేమ పథకాలకు డబ్బెక్కడిది అని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటంలో మనకు చెప్పింది అక్షరాలా ఇదే. సారా వేలంపాటలు ఆగితే ఖజానా కూలిపోతుందన్నారు. ఆడవాళ్లు వేలంపాటల దగ్గరే అడ్డం కూర్చున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. 1995లో పూర్తి మద్య నిషేధం వచ్చి 1997లో సడలిపోయింది నిజమే. ఆదాయం వాదమే మళ్లీ గెలిచింది. అయినా ఆ పోరాటం ఒక పని చేసింది. ఖజానాకు వచ్చే రూపాయి ఎవరి ఇంట్లోంచి వస్తోందని బహిరంగంగా అడిగింది. సారాలో ఆ రూపాయి మగవాడి కూలిలోంచి పోయేది, ఇసుకలో మన బావిలోంచి పోతోంది. తేడా అంతే.

ఇంకొక ఎర కూడా చూశాం. 2014లో పక్క రాష్ట్రంలో ఇసుక రీచ్‌లను డ్వాక్రా సంఘాలకు అప్పగించారు. స్త్రీల సాధికారత అని ఫోటోలు వచ్చాయి. సంఘం పేరు ముందు పెట్టి వెనక వేరేవాళ్లు నడిపిస్తున్నారని విమర్శలు వచ్చాయి. రెండేళ్లు తిరక్కుండానే 2016లో ఆ విధానాన్నే ఎత్తేశారు. మన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజన సంఘాల పేరిట రీచ్‌లు ఇచ్చే పద్ధతి ఉంది. హక్కు పేరుతో ఇచ్చేది హక్కేనా అని ఇక్కడ నిలదీసి అడగాలి. యంత్రం ఎవరిది, లారీ ఎవరిది, బ్యాంకు చెక్కు మీద సంతకం ఎవరు ఎవరి ముందు పెట్టారు? 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న తరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు తప్పనిసరి చేసింది. అంటే వద్దనే హక్కు కూడా ఇచ్చింది. తీర్మానం పుస్తకంలో వేలిముద్రలుంటే సభ జరిగినట్టేనని అధికారులు అనుకుంటారు. సభలో ఎంతమంది ఆడవాళ్లున్నారు, వాళ్ల భాషలో చెప్పారా అన్నది చూడరు. మైదాన ప్రాంతపు ఊళ్లకైతే పెసా ఇచ్చిన ఆ పాటి రక్షణ కూడా లేదు.

"పూడికతీత" అనే మాట గురించి కూడా జాగ్రత్త. జలాశయాలు, ఆనకట్టలు, నదుల నిర్వహణ కోసం పూడిక తీస్తే పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2016లో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. చెరువులో ఒండ్రు తీయడం మనకు తెలుసు, తీసిన మట్టి పొలానికి తోలుకునేవాళ్లం. ఇక్కడ తీసేది లారీల కొద్దీ అమ్ముడుపోయే శుభ్రమైన ఇసుక. మానేరు మీద చెక్‌డ్యాముల పూడికతీత పేరిట జరిగిన తవ్వకాల మీద ఒడ్డు ఊళ్ల వాళ్లు చెన్నైలో ఉన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి దాకా పోవలసి వచ్చింది. భూగర్భ జలం నిలవడానికి చెక్‌డ్యాం కట్టి, నీటిని నిలిపే ఇసుకను దాని వెనకనుంచే తోడెయ్యడం ఏ తెలివి?

ఇప్పుడు కొంచెం దూరం వెళ్దాం. మానేరు మంథని దగ్గర అరెంద వద్ద గోదావరిలో కలుస్తుంది. పెన్‌గంగ వార్ధాలో కలిసి, ప్రాణహితగా మారి కాళేశ్వరం దగ్గర గోదావరిని చేరుతుంది. ఈ నదులన్నీ మోసుకెళ్లే ఇసుక, ఒండ్రులతోనే తూర్పుతీరంలో డెల్టా ఏర్పడింది. ఆ మోత ఇప్పుడు బాగా తగ్గిపోయింది. 1970లలో పోలవరం దగ్గర గోదావరి ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసేదని, 1990లకు అది ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. ప్రధాన కారణం పైన కట్టిన జలాశయాలే. ఇసుక తవ్వకం దానికి తోడు. ఇసుక అందని ఒడ్డును సముద్రం కొరుక్కు తింటుంది. ఉప్పాడలో మత్స్యకారుల ఇళ్లు తుఫాను తుఫానుకూ సముద్రంలోకి జారిపోతున్నాయి. ఎండుచేపలు ఆరబెట్టుకునే ఒడ్డే పోతే ఆ ఆడవాళ్లు ఏం చేసుకు బతకాలి? వాళ్ల బాధకూ మన బాధకూ మధ్య ఇన్ని వందల కిలోమీటర్ల దూరం ఉన్నా నది ఒకటే.

కోసుకుపోయిన ఒడ్డును ఏం చేస్తారు? సముద్రం అడుగునుంచి ఇసుక తోడి ఒడ్డున పోస్తారు. విశాఖ ఆర్కే బీచ్‌లో డ్రెడ్జింగ్ ఇసుక పోయడం చూశాం. నెదర్లాండ్స్‌లో 2011లో ఒకే చోట రెండు కోట్ల పదిహేను లక్షల ఘనపు మీటర్ల ఇసుక పోశారు. డబ్బున్న దేశం, సముద్రమట్టం కన్నా కిందున్న నేల. వాళ్ల అవసరం వాళ్లది. మన దగ్గర వింత చూడండి. నది తనంతట తాను ఉచితంగా తెచ్చి పోసే ఇసుకను పైన అమ్ముకుంటాం, కింద డబ్బు పెట్టి ఒడ్డుకు ఇసుక తోలుకుంటాం. ఇది చాలదన్నట్టు సముద్రపు ఇసుక కూడా అమ్మకానికి వచ్చింది. సముద్ర ప్రాంత ఖనిజాల చట్టం 2002లో వచ్చింది. 2023 సవరణతో వేలం పద్ధతి, యాభై ఏళ్ల లీజు వచ్చాయి. 2024 నవంబరులో కేంద్రం మొదటిసారి వేలానికి పెట్టిన వాటిలో కేరళ కొల్లం తీరానికి ఎదురుగా ఉన్న ఇసుక బ్లాకులున్నాయి. ఒడ్డు నిలబెట్టడానికి కూడా కాదు, కట్టడాల కోసం. 2025 ఫిబ్రవరి 27న కేరళ మత్స్యకారులు తీరమంతా బంద్ చేశారు. చేపలు గుడ్లు పెట్టే చోటు తవ్వడానికి మమ్మల్ని ఎవరు అడిగారన్నది వాళ్ల ప్రశ్న. మానేరు ఒడ్డున పెద్దామె అడిగిందీ అదే. ఇసుక పోరాటాల్లో ఆడవాళ్లు ముందుండటం కాకతాళీయం అని నేను అనుకోను. ముంబయి దగ్గర కిహీంలో సుమైరా అబ్దులాలీ 2004లో ఇసుక తవ్వకాన్ని అడ్డుకోబోయి దెబ్బలు తిన్నారు. కన్నూరు తీరపు జజీరా 2013లో పిల్లలతో సహా వచ్చి ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు.

మరి ఇళ్లు ఎలా కట్టుకోవాలి? ఈ ప్రశ్నను నేను తప్పించుకోదలచుకోలేదు. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లు ఆడవాళ్ల పేరు మీదే వస్తున్నాయి. సొంత ఇంటి గోడకు ఇసుక కావాలనే అక్కను నేను ఎలా తప్పుపడతాను? ఊరి వాడకానికి, ఆ ఊరి ఇళ్లకు, ట్రాక్టరుతో, మనుషులు పారలతో తీసుకునే ఇసుకతో వాగు ఎండలేదు. మా అమ్మల కాలంలోనూ తీశారు, వానాకాలం వరద మళ్లీ నింపింది. పొక్లెయిన్ దిగి, రాత్రింబవళ్లు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు లారీలు కట్టాకే వాగు మంచం పట్టింది. ట్రాక్టరు నింపే కూలి కూడా ఆ పొక్లెయిన్‌తోనే పోయింది. రాతి ఇసుక వాడమంటారు. కరీంనగర్‌లో గ్రానైటు క్వారీల వ్యర్థాలు గుట్టలుగా ఉన్నాయి, నిజమే. కాని దానికోసం కొత్త గుట్టలు పగలగొట్టి క్రషర్ దుమ్ము ఇంకో ఊరి ఊపిరితిత్తుల్లోకి పంపితే ఒప్పుకోం.

మనం అడగవలసింది ఇది. ఏ రీచ్ తెరిచే ముందైనా ఒడ్డున ఉన్న ప్రతి ఊళ్లో గ్రామసభ జరగాలి, మైదానమైనా ఏజెన్సీ అయినా. ఆ సభలో సగం మంది స్త్రీలు లేకపోతే కోరం లేనట్టు లెక్క. తవ్వకానికి ముందు బావుల నీటిమట్టం కొలిచి గోడ మీద రాయాలి. తవ్వకం సాగుతున్నంత కాలం నెలనెలా కొలవాలి. పడిపోతే ఆపాలి, కలెక్టరు సెలవులో ఉన్నారని ఆగకూడదు. జిల్లా ఇసుక కమిటీలో ఒడ్డు ఊళ్ల స్త్రీలు సభ్యులుగా ఉండాలి. పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలవి అయినప్పుడు ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఇవన్నీ ఇచ్చేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. తీర్మానం మనమే రాసుకుని పోవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ రీచ్ అనుమతి కాగితాలు, సర్వే నంబర్లు, బావులకు ఎంత దూరమో చూపే పటం అడగవచ్చు. 500 మీటర్ల లోపు మీ బావి ఉంటే వాల్టా మీ పక్కనే ఉంది. కొలవడానికి ఇంజనీరు రానక్కర్లేదు, టేపు చాలు.

మొదట చెప్పిన ఊరికి నెల తరవాత మళ్లీ వెళ్లాను. సంఘం వాళ్లు పొదుపు పుస్తకం వెనక పేజీల్లో గళ్లు గీశారు. పదకొండు బావుల పేర్లు, పక్కన తారీకులు. మోకుకు గజానికో ముడి వేసి, కొసకు రాయి కట్టి దించి కొలుస్తున్నారు. రాసేది ఎనిమిదో తరగతి చదివే పిల్ల. వచ్చే గ్రామసభకు ఆ పుస్తకం తీసుకుపోతామన్నారు. మీ ఊళ్లలో ఇలా కొలిచినవాళ్లుంటే ఆ లెక్కలు పత్రికకు పంపండి. పైసా ఖర్చు లేని పని, ఒక మోకు చాలు.